అలిపిరిలో దించే సంచి

తెల్లవారుజామున అలిపిరికి వెళ్తే సామాను కౌంటర్ దగ్గర మంచి రద్దీ కనిపిస్తుంది. నడిచి తిరుమల కొండెక్కేవాళ్ళ సంచులను దేవస్థానం ఉచితంగా తీసుకుని, ఘాట్ రోడ్డు మీదుగా బండిలో పైకి చేరుస్తుంది. చేతికి చీటీ ఇస్తారు. పైన ఆ చీటీ చూపించి సంచి తెచ్చుకోవాలి. మెట్లు ఎక్కేముందు అక్కడ కాసేపు నిలబడి చూడటం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. సంచి అప్పగించేముందు దాదాపు ప్రతి ఒక్కరూ తటపటాయిస్తారు. ఇచ్చేసిన సంచిని మళ్ళీ అడిగి తీసుకుంటారు. జిప్పు లాగి బీపీ మాత్రలు, నీళ్ళ సీసా, పసిబిడ్డ ఉంటే ఒక తువ్వాలు బయటికి తీస్తారు. కొందరు అన్నీ ఇచ్చేసి చేతులు ఊపుకుంటూ కదులుతారు. ఇంకొందరు ఎంత చెప్పినా ఇవ్వరు, తొమ్మిది కిలోమీటర్లూ భుజాన మోసుకునే వెళ్తారు.

రోజువారీ ఒత్తిడిలో మనసు నిలబెట్టుకోవడం గురించి శాస్త్రవేత్తలు, యోగులు, కవులు, ఉపన్యాసకులు చెప్పినవి కుప్పలుగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చదివినప్పుడల్లా నాకు ఆ కౌంటరే గుర్తొస్తుంది. ఎందుకంటే చాలా సలహాలు ఒక ముఖ్యమైన తేడాను పట్టించుకోవు. మన కష్టాల్లో కొన్ని ఉన్నదానికంటే పెద్దగా కనబడేవి. వాటికి చూపు సరిచేసుకుంటే చాలు. మరికొన్ని నిజంగానే బరువైనవి. వాటిని ఎంత దూరం నుంచి చూసినా తగ్గవు, ఎవరో ఒకరు చెయ్యి వేసి దించాలి. ఈ రెంటినీ కలిపేసి అందరికీ ఒకే మందు రాయడం వల్లే మనశ్శాంతి గురించిన మాటలు ఇన్ని వచ్చినా మనుషులు ఇంత అలసటగా ఉన్నారని నేను నమ్ముతున్నాను.

మొదట మాటల సంగతి. ఇప్పుడు మన ఇళ్ళలో అన్నిటికీ ఒకే మాట, టెన్షన్. బస్సు తప్పితే టెన్షన్, పిల్ల పెళ్ళి కుదరకపోతే టెన్షన్, అప్పువాడు గుమ్మంలో నిలబడినా టెన్షనే. మా పెద్దవాళ్ళు ఇలా మాట్లాడేవాళ్ళు కాదు. దూరాన ఉన్న బిడ్డ కోసం బెంగ. రేపటి గురించి చింత. కారణం తెలియకుండా కమ్ముకునేది దిగులు. పని తెమలకపోతే ఆరాటం. పదేపదే అదే గొడవైతే రాయలసీమలో యాష్ట అంటాం. ఒక్కో మాటకు ఒక్కో కొలత ఉంది, ఒక్కో మందు కూడా ఉంది. బెంగకు బిడ్డ గొంతు వినిపిస్తే చాలు. యాష్టకు కాసేపు ఆ చోటి నుంచి లేచిపోతే చాలు. దిగులు అలా పోదు, దానికి తోడు కావాలి. అన్నిటినీ ఒకే మూటలో కట్టేసరికి ఏది చిన్నదో ఏది పెద్దదో మనకే తెలియకుండా పోయింది.

ఒత్తిడి అనే మాటకు శరీరశాస్త్రంలో చోటు ఇచ్చినవాడు హాన్స్ సెల్యే. 1936లో ఆయన ప్రచురించిన చిన్న వ్యాసం సారాంశం ఇది: చలి, గాయం, విషం, ఏదైనా కానీ, దెబ్బ ఏ రకమైనదైనా శరీరం దాదాపు ఒకే తీరుగా స్పందిస్తుంది. ముందు ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, ఆ దెబ్బ ఆగకపోతే చివరికి అరిగిపోతుంది. అంతకుముందే వాల్టర్ కానన్ అనే శరీరశాస్త్రవేత్త, ప్రమాదం ఎదురైన జీవి పోరాడటానికో పారిపోవడానికో ఎలా సిద్ధమవుతుందో వివరించాడు. గుండె వేగం పెరగడం, ఊపిరి ఎగదన్నడం, కండరాలు బిగుసుకోవడం అన్నీ ఆ ఏర్పాటులో భాగాలే.

ఈ సంగతి అలిపిరి వాళ్ళకు పుస్తకం చదవకుండానే తెలుసు. 2023 ఆగస్టులో ఈ నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ళ పాపను పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత చాలా రోజులు భక్తుల చేతికి కర్రలు ఇచ్చి గుంపులుగా పంపారు. ఆ రోజుల్లో ఎక్కినవాళ్ళు ఏ ఆకు కదిలినా ఆగిపోయేవాళ్ళు. ఆ భయం అవసరమైనది, ప్రాణాలు కాపాడేది. కానీ అడవిలో భయం కాసేపే. జింక పరుగెత్తి తప్పించుకుంటే కొద్దిసేపటికి మళ్ళీ గడ్డి మేస్తుంది. మనిషికి ఆ వెసులుబాటు లేదు. నెలాఖరు వాయిదా గురించి ఫోన్లో వచ్చే సందేశం కూడా శరీరంలో అదే గంట మోగిస్తుంది. చిరుత లేదు, పరుగు లేదు, గంట మాత్రం నెలంతా మోగుతూనే ఉంటుంది. రాబర్ట్ సపోల్‌స్కీ 1994లో పుస్తకం రాసి ఈ తేడానే జనానికి అర్థమయ్యేలా చెప్పాడు. మన శరీరం నిమిషాల పనికి తయారైంది, మనం దానితో ఏళ్ళ తరబడి చాకిరీ చేయిస్తున్నాం.

మరి మనిషిని ఎక్కువగా కుంగదీసేది ఏది, పెద్ద దెబ్బలా, చిన్న చికాకులా? 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్ళికి 50. ఏడాదిలో మార్కులు ఎక్కువైతే జబ్బు పడే అవకాశం ఎక్కువన్నారు. 1981లో రిచర్డ్ లాజరస్ బృందం మరో దారిలో వెతికి, రోజువారీ చిన్న చికాకులను లెక్కపెట్టింది. మనిషి మానసిక ఇబ్బందులను ముందుగా పట్టివ్వడంలో పెద్ద సంఘటనల కంటే ఈ చిన్నవాటి లెక్కే మెరుగని తేలింది. నాకు ఇది నిజమనిపిస్తుంది. చావు వస్తే ఊరంతా వస్తుంది, పదకొండు రోజులు పక్కింటివాళ్ళు వంట పంపుతారు. కుళాయి రాకపోతే, పిల్లవాడి మార్కులు తగ్గితే, అత్తగారి మాట గుచ్చుకుంటే ఎవరూ రారు. చిన్నకష్టానికి పరామర్శ ఉండదు. అందుకే అది లోపలే పేరుకుంటుంది.

ఇదే లాజరస్, సుసాన్ ఫోక్‌మన్‌తో కలిసి 1984లో రాసిన పుస్తకం ఈ చర్చకు మూలస్తంభం. ఏదైనా ఎదురుకాగానే మనసు రెండు ప్రశ్నలు వేసుకుంటుందని వాళ్ళు చెప్పారు. దీనివల్ల నాకు ముప్పా? ముప్పైతే తట్టుకునే శక్తి నా దగ్గరుందా? ఈ రెండు జవాబుల మధ్య ఉన్న ఎడమే ఒత్తిడి. కాబట్టి సంఘటన మారకపోయినా, దాన్ని బేరీజు వేసే తీరు మారితే ఒత్తిడి మారుతుంది.

గాలిగోపురం దగ్గర ఇది కంటికి కనిపిస్తుంది. అలిపిరి నుంచి అక్కడిదాకా అంతా ఎక్కుడే. చెమటలు కక్కుతూ పైకి చేరి వెనక్కి తిరిగితే తిరుపతి మొత్తం కిందుంటుంది. రైల్వే స్టేషను, ఆస్పత్రులు, కాలేజీలు, మనం రోజూ ఇరుక్కుపోయే కూడళ్ళు అన్నీ అరచేతిలో ఇమిడిపోతాయి. అక్కడ ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు మనిల్లు ఎక్కడ అని వెతుకుతారు. కనబడదు. నిన్నటిదాకా ఊపిరాడనివ్వని ఇల్లు కనబడనంత చిన్నదైపోయిందన్న ఊరట ఆ ముఖాల్లో నేను ఎన్నోసార్లు చూశాను. అది కల్లబొల్లి ఊరట కాదు. ఇల్లు నిజంగానే ఆ ఊళ్ళో ఒకటి, ఆ ఊరు నిజంగానే ఆ లోయలో ఒకటి. కానీ ఆ చూపు కిందికి దిగాక నిలవదు. మన గేటు ముందు నిలబడేసరికి ఇల్లు మళ్ళీ ఎప్పటంత అవుతుంది. కొండ మీద దొరికిన కొలతను కింద ఎలా వాడుకోవాలన్నదే అసలు ప్రశ్న.

దానికి ఒక చిన్న జవాబు ఈథన్ క్రాస్ అనే మనస్తత్వవేత్త పరిశోధనల్లో ఉంది. కష్టంలో ఉన్నప్పుడు నేను, నాకు, నావల్ల అని తలుచుకునేవాళ్ళ కంటే, తమను తామే పేరుపెట్టి పిలుచుకుని, ఎదుటివాడికి సలహా చెప్పినట్టు చెప్పుకునేవాళ్ళు త్వరగా కుదుటపడుతున్నారని ఆయన బృందం 2014లో చూపించింది. చదవగానే నాకు వేమన మకుటం తట్టింది. పద్యం చివర తన పేరే పిలిచి, ఆ వేమకు చెబుతున్నట్టు ముగించడం మనకు శతాబ్దాలుగా అలవాటైన పద్ధతి. అన్నమయ్య దారి ఇంకోటి. ఆయన పదాల చివర వచ్చేది తన పేరు కాదు, వేంకటేశుడి పేరు. ఒకరు తనను తాను బయట నిలబెట్టి చూసుకున్నారు, ఇంకొకరు తన గోడును మరొకరి ముందు పెట్టి తప్పుకున్నారు. రెండింటిలోనూ మనిషికీ వాడి కష్టానికీ మధ్య ఒక జానెడు చోటు ఏర్పడుతుంది. ఆ జానెడు చోటులోనే ఊపిరి ఆడుతుంది.

అన్నమయ్య పేరు వచ్చింది కాబట్టి ఈ నడకదారిలోనే ఉన్న మోకాళ్ళమిట్ట కథ చెప్పాలి. తాళ్ళపాక నుంచి ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడు ఇక్కడ ఆకలితో, అలసటతో సొమ్మసిల్లి పడుకున్నాడని, అలమేలుమంగ ఒక పెద్ద ముత్తైదువలా కనిపించి, కొండను చెప్పులతో ఎక్కకూడదు, విడిచిపెట్టమని చెప్పి, ప్రసాదం తినిపించిందని చెప్పుకుంటారు. ఈ కథలో నాకు నచ్చేది వరుస. అలసిపోయినవాడికి తత్త్వం బోధించలేదు. కాళ్ళకున్నది విప్పమన్నది, అన్నం పెట్టింది. పద్యాలు తర్వాత వచ్చాయి.

ఇక నడక సంగతి. మొత్తం 3,550 మెట్లు. 1944లో ఘాట్ రోడ్డు వచ్చేదాకా కాళ్ళో డోలీలో తప్ప దిక్కులేదు. ఇప్పుడు బస్సెక్కితే గంటలోపే పైకి చేరవచ్చు, అయినా వేలమంది నడుస్తున్నారు. మొక్కు ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉందని నేను చూసింది చెబుతాను. ఒకసారి మెట్లపూజ చేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళ వెనకే ఎక్కాను. వదినా ఆడబిడ్డలు. ఒకామె చేతిలో తడిపిన పసుపు గిన్నె, ఇంకొకామె చేతిలో కుంకుమ భరిణ. వంగడం, మెట్టుకు పసుపు పూయడం, కుంకుమ బొట్టు పెట్టడం, లేవడం, మళ్ళీ వంగడం. ఇద్దరి వేళ్ళూ గోళ్ళ దాకా పచ్చగా, ఎర్రగా అయిపోయాయి. కొంగు నడుముకు బిగించి ఉంది. చిన్నామె మెట్లు లెక్కపెడుతోంది. పెద్దామె వంగినచోటి నుంచే, "లెక్క పెట్టబాక మ్మే. పెడితే కాళ్ళు గుర్తొస్తాయి. ఈ మెట్టు చూడు, చాలు" అంది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.

ప్రకృతిలో నడక గురించి 2015లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. కొందరిని చెట్ల మధ్య, కొందరిని రద్దీ రోడ్డు పక్కన 90 నిమిషాలు నడిపించారు. చెట్ల మధ్య నడిచినవాళ్ళలో, జరిగినదాన్నే పదేపదే తవ్వుకునే ఆలోచన తగ్గింది. రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో తగ్గలేదు. పాల్గొన్నవాళ్ళు కొద్దిమందే, కాబట్టి దాన్ని శాసనంలా చూడనక్కర్లేదు. కానీ ఆ పెద్దామె చెప్పిన మాటకు అది దగ్గరగా ఉంది. ఒత్తిడిలో మనసు నిన్నటికీ రేపటికీ మధ్య పరుగెడుతుంది. కాలు మాత్రం ఎప్పుడూ ఒక్క మెట్టు మీదే ఉంటుంది. మనసును కాలి దగ్గరికి తీసుకురావడానికి వంగి పసుపు పూయడం కంటే మంచి ఉపాయం నేను చూడలేదు.

అలిపిరి పేరు వెనక కూడా ఒక తీరిక కథ ఉంది. కొండ అడుగున ఉన్న చింతచెట్టును తమిళంలో అడిపుళి అనేవారని, అదే అలిపిరి అయిందని ఒక వాడుక. ఆ చెట్టు కింద తిరుమలనంబి రామానుజులవారికి ఏడాదిపాటు రామాయణ రహస్యాలు చెప్పారట. ఒక పుస్తకం కోసం ఒక ఏడాది, నంబి రోజూ కొండ దిగి రావడం, మళ్ళీ ఎక్కడం. మనం పది నిమిషాల శ్వాస వ్యాయామాన్ని రెండింతల వేగంతో వీడియోలో చూస్తున్న కాలంలో ఉన్నాం.

వేచి ఉండటం గురించి ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే తిరుపతివాళ్ళకు ఇది రోజువారీ విద్య. డేవిడ్ మైస్టర్ 1985లో క్యూల గురించి రాసిన వ్యాసం వ్యాపార పాఠశాలల్లో చదివిస్తారు. ఊరకే కూర్చున్న సమయం పనిలో ఉన్న సమయం కంటే ఎక్కువగా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియకపోతే ఇంకా ఎక్కువ. ఎందుకు ఆగామో చెప్పకపోతే, వెనకవాడు ముందుకు పోతే భరించలేం. నలుగురిలో ఎదురుచూపు ఒంటరి ఎదురుచూపు కంటే తేలిక. శ్రీవారి దర్శనం కోసం వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒక రాత్రి గడిపినవాళ్ళు ఇందులో ప్రతి మాటకూ సాక్ష్యం చెబుతారు. సమయం రాసిన టోకెను చేతిలో ఉన్నవాడి ముఖం వేరు, లేనివాడి ముఖం వేరు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వాళ్ళు మనశ్శాంతి కోసమే వచ్చారు. అది తలుచుకున్నప్పుడల్లా, ఓర్పు గురించి మనుషులకు పాఠాలు చెప్పేముందు ఎదురుచూపును సరిగ్గా ఏర్పాటు చేయడం మన బాధ్యత అనిపిస్తుంది.

ధ్యానం గురించి చిత్తూరు నేలకు సొంత గొంతులున్నాయి. మలయాళస్వామి తిరుమల గోగర్భంలో పన్నెండేళ్ళు తపస్సు చేసి, తర్వాత ఏర్పేడు దగ్గర వ్యాసాశ్రమం పెట్టి, వేదాంతాన్ని అన్ని కులాలకూ, ఆడవాళ్ళకూ చెప్పారు. శాంతి కొందరి సొత్తు కాదని చేసి చూపించడం అప్పట్లో చిన్న పని కాదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది పూర్తిగా వేరే దారి. పద్ధతులు, గురువులు, సాధనలు ఏవీ వద్దన్నాడు. ప్రశాంతంగా ఉండాలన్న ప్రయత్నమే మరో పోరాటమవుతుందని, కోపాన్నీ భయాన్నీ తీర్పు చెప్పకుండా చూడటమే పని అని జీవితమంతా చెప్పాడు. ఆయన పేరుతో ముడిపడ్డ రిషివ్యాలీ బడిలో సాయంత్రం పిల్లలు మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. దాన్ని అస్తాచల్ అంటారు. మార్కులు లేని, పరీక్ష లేని ఆ కొద్దిసేపు ప్రతి ఇంటర్ కాలేజీకీ కావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ధ్యానం పనిచేస్తుందా అంటే, కొంత. 1979లో జాన్ కబత్-జిన్ అమెరికాలో కొన్ని వారాల శిక్షణగా మలిచాక దాని మీద వందల అధ్యయనాలు వచ్చాయి. 2014లో 47 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి, ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంత తగ్గుతున్నాయని చెప్పింది. వ్యాయామం, మందులు వంటి ఇతర చికిత్సల కంటే మెరుగని మాత్రం చెప్పలేదు. అంటే చేసుకోదగ్గదే. సర్వరోగ నివారిణి అని అమ్మేవాళ్ళను నమ్మవద్దు.

ఇప్పుడు నిజమైన బరువుల సంగతి. కొన్నేళ్ళ కిందట నాకు తెలిసిన ఒక కార్యాలయంలో ఉద్యోగులను ఆదివారం పిలిచి ప్రాణాయామం నేర్పించారు. నేనూ కూర్చున్నాను. నేర్పినాయన మంచివాడు, ఊపిరి నిజంగానే కుదుటపడింది. సోమవారం రాత్రి తొమ్మిదింటికి అదే గదిలో అదే మనుషులు అదే ఫైళ్ళతో కూర్చున్నారు. నా పక్కనున్న అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి బిడ్డకు అన్నం పెట్టారా అని అడుగుతూ ఏడ్చింది. ఆమెకు ఊపిరి పీల్చడం రాక కాదు, ఇంటికి వెళ్ళడానికి కుదరక ఏడ్చింది. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలై, తర్వాత మైకేల్ మార్మట్ బృందం కొనసాగించిన అధ్యయనాలు ఇదే చెబుతాయి. పెద్ద బాధ్యతలున్న పైఅధికారుల కంటే అట్టడుగు ఉద్యోగులే ఎక్కువగా గుండెజబ్బుల పాలయ్యారు. తర్వాతి పరిశీలనలో తేలిన ప్రధాన కారణాల్లో ఒకటి, తమ పని మీద తమకు పట్టు లేకపోవడం. బాధ్యత ఎంత ఉన్నా దాన్ని తిప్పుకునే వీలుంటే మనిషి నిలుస్తాడు. వీలు లేకపోతే చిన్న పని కూడా కుంగదీస్తుంది.

మదనపల్లె మార్కెట్లో టమాటా ధర పడిపోయిన రోజు రైతు ముఖం చూడండి. 2025లో తోతాపురి మామిడి కోసి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారులో పడిగాపులు కాసినవాళ్ళను తలుచుకోండి. వాళ్ళ కష్టాన్ని గాలిగోపురం నుంచి చూసి చిన్నది చేయకూడదు. అది ధర, అప్పు, ఒప్పందం. అక్కడ కావలసింది కొనే హామీ. అందరికీ సంయమనం బోధించే సమాజం, సంచి దించే కౌంటర్ మాత్రం తెరవకపోతే అది అన్యాయం.

తరిగొండ వెంగమాంబను తలుచుకోకుండా ఈ విషయం ముగించలేను. బాల్యంలోనే వితంతువై, తలగొరిగించుకోవడానికి ఒప్పుకోక, ఊరి మాటలు పడి, తిరుమల చేరిన మనిషి. ధ్యానం చేసింది, కావ్యాలు రాసింది, యాత్రికులకు అన్నం పెట్టింది. ఈనాటికీ శ్రీవారి ఏకాంతసేవలో ఆమె పేరు మీద హారతి నడుస్తుంది, తిరుమల అన్నప్రసాద భవనానికి ఆమె పేరే ఉంది. తన లోపలి నెమ్మదికి, ఎదుటివాడి ఆకలికి ఆమె తేడా చూడలేదు. ఈ చర్చలో నాకు అందరికంటే దగ్గరగా తోచే మనిషి ఆమే.

చివరిగా, చూపు మార్చుకున్నా, నడిచినా, మొక్కినా తగ్గని దిగులు ఉంటుంది. నిద్ర పట్టదు, అన్నం సయించదు, బతకాలనిపించదు. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు, వాళ్ళలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. 2022 అక్టోబరులో కేంద్రం టెలీ మానస్ అనే సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ వ్యాసం పక్కన పెట్టేముందు ఆ నంబరు మీ ఫోన్లో వేసుకోండి, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళ ఫోన్లో కూడా వేసి పెట్టండి.